ఇంట్లో చేసిన బీరును కెగ్‌లో మాగబెట్టడం, నిల్వ ఉంచడం ఎలా?

అమెరికాలో సొంత వాడకం కోసం ఇంట్లో బీరు చేసుకోవడానికి 1978 నాటి ఫెడరల్ చట్టం పన్ను లేకుండా అనుమతి ఇచ్చింది. ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది పెద్దలున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే సుమారు 757 లీటర్లు పరిమితి; అమ్మడానికి వీల్లేదు. ఆంధ్రప్రదేశ్‌, తెలంగాణల్లో లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం కనుక ఈ పద్ధతి చట్టం అనుమతించిన చోట నివసించేవారికే పనికివస్తుంది.

ఇళ్లలో ఎక్కువగా వాడేది 5 గ్యాలన్ల, అంటే సుమారు 19 లీటర్ల కార్నీ కెగ్. శీతల పానీయాల కంపెనీలు ఒకప్పుడు సిరప్‌ను దుకాణాలకు పంపడానికి వాడిన స్టీలు డబ్బా ఇదే. పెప్సీ వాడినది బాల్ లాక్ రకం, కోకాకోలా వాడినది పిన్ లాక్ రకం. ఒకదాని కనెక్టరు మరొకదానికి పట్టదు కాబట్టి కొనేముందే చూసుకోవాలి. దీని పైభాగంలో రెండు పోస్టులుంటాయి. ఒకదాని గుండా కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ లోపలికి వెళ్తుంది. రెండోదాని కింద అడుగుదాకా దిగే పొడవాటి గొట్టం గుండా బీరు బయటికి వస్తుంది.

పులియడం పూర్తిగా ఆగిన తరువాతే బీరును కెగ్‌లోకి మార్చాలి. ద్రవం సాంద్రతను కొలిచే హైడ్రోమీటరు వరుసగా మూడు రోజులు ఒకే అంకె చూపితే ఆగిందని అర్థం. ఈలోగా కెగ్‌ను సిద్ధం చేసుకోవచ్చు. ముందు లోపలి ఒత్తిడిని పూర్తిగా వదిలి, ఆ తరువాతే మూత, పోస్టులు, గొట్టాలు విడదీసి కడగాలి. పాత కెగ్ అయితే లీకు కాకుండా ఆపే గుండ్రటి రబ్బరు ఓ-రింగులన్నీ మార్చివేయడం మేలు, ఎందుకంటే ఏళ్ల తరబడి పీల్చుకున్న సోడా వాసనను అవి ఎంత కడిగినా వదలవు. కొత్తవాటికి ఆహార పాత్రలకు వాడదగిన సిలికాన్ గ్రీజు పలుచగా రాయాలి. కడగడం ఒక పని, క్రిములు లేకుండా చేయడం మరొక పని. రెండోదానికి స్టార్ శాన్ వంటి ద్రావణాన్ని 19 లీటర్ల నీటికి 30 మిల్లీలీటర్ల చొప్పున కలిపి వాడతారు. ఆ పాళ్లలో కలిపినప్పుడు మళ్లీ నీళ్లతో కడగనక్కరలేదు. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టనివ్వని పెద్దల పట్టింపు ఇక్కడ అక్షరాలా అవసరం.

అన్నింటికంటే జాగ్రత్తగా చేయవలసిన పని బీరును మార్చడం. పులిసిన బీరుకు గాలి తగిలితే కొద్ది వారాల్లోనే తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది, బీరుకు చేదును, సువాసనను ఇచ్చే హాప్స్ పూల పరిమళం మాయమవుతుంది. దీనికి మంచి ఉపాయం ఒకటుంది. కెగ్‌ను అంచుదాకా ఆ క్రిములు చంపే ద్రావణంతో నింపి మూత బిగించి, గ్యాస్ పోస్టు నుంచి కార్బన్ డయాక్సైడ్ పంపితే ద్రావణమంతా రెండో పోస్టు గుండా బయటికి పోయి, దాని స్థానంలో ఆ వాయువే మిగులుతుంది. ఇప్పుడు మూత తీయకుండా, మూతమీది ఒత్తిడి వదిలే వాల్వు తెరిచి ఉంచి, బీరును రెండో పోస్టు గుండానే పంపాలి. అది అడుగునుంచి చప్పుడు లేకుండా నిండుతుంది. అడుగున పేరుకున్న ఈస్టు మడ్డిని కదపకూడదు.

నిండగానే 30 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి ఇచ్చి మూతను బాగా బిగియనిచ్చి, కీళ్లన్నిటిపై సబ్బునీళ్లు చల్లి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. ఈ చిన్న పని చేయక నా మొదటి గ్యాస్ సిలిండరు ఒక్క రాత్రిలో ఖాళీ అయింది.

ఇక గ్యాస్ ఎక్కించడం. గోలీసోడా చల్లగా ఉన్నప్పుడే ఘాటుగా ఉన్నట్టు, చల్లని ద్రవమే గ్యాస్‌ను ఎక్కువగా కరిగించుకుంటుంది. కెగ్‌ను 3 నుంచి 4 డిగ్రీల సెల్సియస్‌లో ఉంచి సిలిండరు ఒత్తిడిని తగ్గించి అదుపుచేసే రెగ్యులేటరును 12 పీఎస్‌ఐ దగ్గర పెట్టి వదిలేస్తే, పది రోజుల నుంచి రెండు వారాల్లో లీటరు బీరులో సుమారు రెండున్నర లీటర్ల గ్యాస్ కరుగుతుంది. తొందరగా కావాలంటే 30 పీఎస్‌ఐ దగ్గర ఒక రోజు ఉంచి తరువాత తగ్గించవచ్చు. అయితే కాస్త ఏమరుపాటుగా ఉంటే గ్లాసంతా నురగే. కెగ్‌ను ఊపి గంటలో ముగించేవారూ ఉన్నారు గాని, నేను దాన్ని సిఫారసు చేయను. మూడో దారి చక్కెర; బీరులో మిగిలిన ఈస్టు దాన్ని పులియబెట్టి గ్యాస్ పుట్టిస్తుంది. మొత్తం బీరును సీసాల్లో నింపితే 120 గ్రాముల దాకా మొక్కజొన్న చక్కెర పట్టేచోట, కెగ్‌కు 60 నుంచి 80 గ్రాములు కలిపి, 20 డిగ్రీల వద్ద రెండు వారాలు ఉంచాలి.

గ్యాస్ ఎక్కినంత మాత్రాన బీరు మాగినట్టు కాదు. చల్లగా పులియబెట్టే లాగర్ రకం బీరుకు సున్నాకు దగ్గరి చలిలో నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. స్టౌట్లు అనే చిక్కటి నల్ల బీర్లు నెలల తరబడి మెరుగవుతాయి. హాప్స్ దండిగా వేసే ఐపీఏ రకం అందుకు విరుద్ధం, రెండు నెలల్లోపే తాగేయాలి. బీరు తేటపడటానికి కొందరు జెలటిన్ కలుపుతారు. అది జంతువుల నుంచి తీసినది కాబట్టి శాకాహారులైన అతిథులకు ముందే చెప్పడం మర్యాద. చలిలో కొన్ని వారాలు కదపకుండా ఉంచినా తేట దానంతటదే వస్తుంది.

వడ్డించే గొట్టం మూడు మీటర్ల పొడవు ఉంటే 12 పీఎస్‌ఐ దగ్గర నురగ అదుపులో ఉంటుంది. రెండు వారాలకోసారి దాన్ని కడగాలి. సిలిండరును ఎప్పుడూ నిటారుగా, పడిపోకుండా కట్టి ఉంచాలి. మామూలు గది వేడిమిలో దాని లోపలి ఒత్తిడి 800 పీఎస్‌ఐ దాటుతుంది కాబట్టి రెగ్యులేటరు లేకుండా కెగ్‌కు తగిలించడం ప్రాణాపాయం. ఈ వాయువు గాలికంటే బరువైనది, లీకైతే నేలమాళిగలో పేరుకుని ఊపిరాడనివ్వదు. అందుకే ఫ్రిజ్ ఉన్న గదికి గాలి ఆడే ఏర్పాటు ఉండాలి, వాడకం లేనప్పుడు సిలిండరు వాల్వు మూసి ఉంచాలి.