పవర్ సప్లై బోర్డు: లెక్క నుంచి పెట్టె దాకా ఉచిత సాఫ్ట్‌వేర్‌తోనే

డిప్లొమా, బీటెక్ ప్రాజెక్టుల కోసం క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ వెతుక్కోవాల్సిన అవసరం లేదు. సర్క్యూట్ లెక్కకు ఎల్‌టీస్పైస్, పీసీబీకి (పార్టులు అతికించే రాగి గీతల బోర్డు) కీక్యాడ్, దాన్ని ఉంచే పెట్టెకు ఫ్రీక్యాడ్ సరిపోతాయి. అన్నీ ఉచితమే. ఎల్‌టీస్పైస్‌కు మాత్రం సోర్స్ కోడ్ ఇవ్వరు. మెనూలు ఒక్కొక్కటిగా చదవడం కన్నా చేతిలో ఒక బోర్డు పెట్టుకుని నేర్చుకుంటే త్వరగా వస్తాయి. 9 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జ్ రెక్టిఫయర్, వోల్టేజీని 5 దగ్గర నిలిపే 7805 రెగ్యులేటర్ చిప్‌తో 5 వోల్టులు, అర ఆంపియర్ ఇచ్చే సప్లై తీసుకుందాం. 230 వోల్టుల వైపును, ఫ్యూజును బోర్డు బయటే ఉంచండి.

ముందు ఎల్‌టీస్పైస్‌లో ఫిల్టర్ కెపాసిటర్ తేల్చుకోవాలి. వోల్టేజ్ సోర్స్ పెట్టి, సైన్ ఎంచుకుని, ఫ్రీక్వెన్సీ 50, ఆంప్లిట్యూడ్ 12.7 ఇవ్వండి. అక్కడ 9 అని కొట్టడమే ఎక్కువమంది చేసే పొరపాటు. ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసేది ఆర్ఎంఎస్ (ఏసీకి వాడే ఒక రకం సగటు), ఇక్కడ అడిగేది పీక్, అంటే అల శిఖరం. గ్రౌండ్ గుర్తు బ్రిడ్జ్ మైనస్ దగ్గర పెట్టాలి, సోర్స్ కింది కొసకు కాదు. రెగ్యులేటర్ బదులు 0.5 ఆంపియర్ల కరెంట్ సోర్స్ లోడుగా పెడితే చాలు. సిమ్యులేషన్‌ను 200 మిల్లీసెకన్లు నడపండి.

1000 మైక్రోఫారడ్లతో రిపుల్, అంటే డీసీలో మిగిలే ఎగుడుదిగుడు, 4 వోల్టులకు దగ్గరగా వస్తుంది. డయోడ్లలో పోగా పీక్ సుమారు 11 వోల్టులే కాబట్టి, అడుగున 7 దగ్గరికి దిగుతుంది. 7805కు కనీసం 7 వోల్టులు కావాలి. అంటే మెయిన్స్ వోల్టేజ్ కాస్త తగ్గినా అవుట్‌పుట్‌లో 100 హెర్ట్జ్ గుంటలు పడతాయి, రేడియోలో, ఆంప్లిఫయర్‌లో గుర్రుమనే మోత వస్తుంది. 2200కు పెంచితే అడుగు దాదాపు 9 దగ్గర నిలుస్తుంది. విలువలు కొట్టేటప్పుడు ఒక జాగ్రత్త: స్పైస్‌లో 'ఎం' అంటే ఎప్పుడూ మిల్లీయే. మెగాకు 'మెగ్' అని రాయాలి. కెపాసిటర్‌కు 1 పక్కన 'ఎఫ్' పెడితే ఫారడ్ కాదు, ఫెమ్టో అవుతుంది.

వేడి లెక్క కూడా ఇక్కడే చూసుకోండి. సగటున 10 వోల్టులు లోపలికి వస్తే 7805లో 2.5 వాట్లు వేడిగా పోతాయి. హీట్‌సింక్ (వేడిని గాలిలోకి వదిలే లోహపు రెక్క) లేని టీఓ-220 ప్యాకేజీ, అంటే 7805 వచ్చే మూడు కాళ్ల ఆకారం, వాటుకు సుమారు 65 డిగ్రీలు వేడెక్కుతుంది. మన వేసవిలో గది 40 డిగ్రీలుంటే లెక్క 200 దాటుతుంది, అంతకు ముందే చిప్ తనంతట తాను ఆగిపోతుంది. వాటుకు 15 డిగ్రీలు లేదా అంతకన్నా తక్కువ ఉన్న హీట్‌సింక్ తీసుకోండి.

ఇక కీక్యాడ్. 1992లో ఫ్రాన్స్‌లో జాన్ పియర్ షరాస్ మొదలుపెట్టిన ఈ ప్రాజెక్టుకు తర్వాత యూరప్‌లోని అణు పరిశోధన సంస్థ సెర్న్ అండగా నిలిచింది. చిన్న బోర్డులకు దీనికి మించినది కొనాల్సిన పని లేదని గట్టిగా చెప్పవచ్చు. స్కీమాటిక్ (సర్క్యూట్ బొమ్మ) గీశాక ఈఆర్‌సీ, అంటే కనెక్షన్ల తనిఖీ, నడిపితే పవర్ పిన్‌కు సరఫరా లేదనే ఎర్రర్ రావచ్చు. వైరు తెగిపోలేదు. కరెంటు ఎక్కడి నుంచి వస్తుందో సాఫ్ట్‌వేర్‌కు చెప్పలేదంతే. 7805 ఇన్‌పుట్ లైనుకు ఒకటి, గ్రౌండ్‌కు ఒకటి పవర్ ఫ్లాగ్ గుర్తు తగిలించండి. డేటాషీట్ చెప్పే 0.33 మైక్రోఫారడ్లు ఇన్‌పుట్‌కు, 0.1 అవుట్‌పుట్‌కు, రెండూ రెగ్యులేటర్ కాళ్ల పక్కనే ఉండాలి.

ఎక్కువ బోర్డులు పాడయ్యేది ఫుట్‌ప్రింట్ దగ్గర, అంటే బోర్డు మీద పార్టు కాళ్లు కూర్చునే రంధ్రాలు, ప్యాడ్ల అమరిక దగ్గర. 7805లో పిన్లు ఇన్‌పుట్, గ్రౌండ్, అవుట్‌పుట్ వరుసలో ఉంటాయి. అదే ఆకారంలో ఉండే మరో రెగ్యులేటర్ ఎల్ఎం317లో అడ్జస్ట్, అవుట్‌పుట్, ఇన్‌పుట్. 317 ట్యాబ్ (వెనక ఉండే లోహపు పలక) కూడా గ్రౌండ్ కాదు, అవుట్‌పుట్. ఎఫ్8తో స్కీమాటిక్‌ను బోర్డులోకి తెచ్చి పార్టులు అమర్చాక, ఒకటికి ఒకటి స్కేలులో కాగితం మీద ప్రింట్ తీసి, కొన్న పార్టులను దాని మీద నిలబెట్టి చూడండి. ప్రింటర్ 'ఫిట్ టు పేజ్'లో ఉంటే కొలత కుంచించుకుపోతుంది కాబట్టి ముందు బోర్డు అంచును స్కేలుతో కొలవండి.

35 మైక్రాన్ల రాగి మీద, బయటి పొరలో, 10 డిగ్రీల పెరుగుదలకు ఒక ఆంపియర్‌కు ట్రాకు (బోర్డు మీది రాగి గీత) వెడల్పు 0.3 మిల్లీమీటర్లు చాలు, రెండుకు 0.8 కావాలి. కీక్యాడ్‌లోని కాలిక్యులేటర్ ఈ లెక్క చేసిపెడుతుంది. అయినా ఈ బోర్డులో చోటు ఉంది. కెపాసిటర్ ఛార్జయ్యేటప్పుడు బ్రిడ్జ్ నుంచి కరెంటు అర ఆంపియర్‌కు చాలా రెట్లు దూకుతుంది కూడా. పవర్ ట్రాకులు 1.5 పెట్టండి. ట్రాకు జరిపిన ప్రతిసారీ 'బీ' నొక్కి గ్రౌండ్ జోన్ (ఖాళీ చోటంతా పరిచే గ్రౌండ్ రాగి) మళ్లీ నింపాలి.

డీఆర్‌సీ (బోర్డు మీద దూరాలు, వెడల్పులు చూసే తనిఖీ) శుభ్రంగా వచ్చాక గెర్బర్లు, అంటే ఫ్యాక్టరీకి పంపే పొరల ఫైళ్లు, తీయండి: రెండు రాగి పొరలు, రెండు మాస్కులు (రాగి మీది రక్షణ పూత), సిల్క్‌స్క్రీన్ (పైన ముద్రించే రాతలు), ఎడ్జ్ కట్స్ (బోర్డు అంచు గీత). డ్రిల్ ఫైలు వేరే బటన్‌తో తీయాలి, మర్చిపోతే ఫ్యాక్టరీ వాళ్లు ఆర్డర్ ఆపేస్తారు. జిప్ చేసే ముందు గెర్బర్ వ్యూయర్‌లో రంధ్రాలు ప్యాడ్ల మధ్యలో పడ్డాయో లేదో చూడండి.

పెట్టె కోసం కీక్యాడ్ నుంచి బోర్డు త్రీడీ రూపం ఉన్న స్టెప్ ఫైలు ఎగుమతి చేసి ఫ్రీక్యాడ్‌లో తెరవండి. పెట్టె ఆకారానికి గీసే స్కెచ్ ఆకుపచ్చగా మారితే కొలతలన్నీ బిగిసినట్టు. త్రీడీ మోడల్ లేని పార్టు ఆ ఫైల్లో అసలు కనిపించదు. 2200 మైక్రోఫారడ్ల కెపాసిటర్ 25 మిల్లీమీటర్ల ఎత్తు దాకా ఉండవచ్చు కాబట్టి, దాన్నీ హీట్‌సింక్‌నీ కొలిచి, అంత ఎత్తు దిమ్మెలు అక్కడ పెట్టాకే మూత గీయండి.