పెట్టెలకంటే ముందు ముప్పై నిమిషాలు: స్టేజీ మేజిక్‌లోకి కొత్తగా వచ్చేవారికి

స్టేజీ మేజిక్ నేర్చుకోవాలని వచ్చే యువకులలో ఎక్కువమంది మొదట అడిగేది, మనిషిని రెండు ముక్కలుగా కోసే పెట్టె ఎక్కడ దొరుకుతుంది, ఎంతవుతుంది అని. ఆ కోరిక సహజమైనదే. 1921లో లండన్‌లో ఇంగ్లీషు మెజీషియను పి.టి. సెల్బిట్ ప్రజల ముందు చేసి చూపిన నాటి నుంచి ఆ ఐటమ్‌కు ఆకర్షణ తగ్గలేదు. 1956లో మన బెంగాలీ మెజీషియను పి.సి. సర్కార్ బీబీసీ టెలివిజన్‌లో ఒక అమ్మాయిని రంపంతో కోసినప్పుడు, ఆమె లేచి నిలబడేలోపే కార్యక్రమం ముగిసిపోవడంతో, ఆమెకు ఏమైందోనన్న కంగారుతో ప్రేక్షకులు వరసగా ఫోన్లు చేశారు. అయితే అదే సర్కార్ తన ప్రదర్శనలో ‘వాటర్ ఆఫ్ ఇండియా’ అనే మామూలు చెంబును కూడా వాడేవారు. ఒక ఐటమ్‌కూ మరో ఐటమ్‌కూ మధ్య ఆ చెంబు దగ్గరికి వచ్చి, ఖాళీ అయిపోయిందనుకున్న దానిలోంచి మళ్లీ నీళ్లు ఒంపేవారు. కొత్తవారు చదువు మొదలుపెట్టవలసింది పెట్టె దగ్గర కాదు, ఆ చెంబు దగ్గర.

దీనికి కారణం వ్యవహారంలో ఉంది. పెద్ద పెట్టెకు వాహనం కావాలి, తర్ఫీదు పొందిన అసిస్టెంట్లు కావాలి, తెర కావాలి, అన్నిటికంటే ముఖ్యంగా ప్రేక్షకులు ఎదుట మాత్రమే కూర్చోవాలి. మీకు తొలి బుకింగులు వచ్చే ఫంక్షన్ హాళ్లలో ఇవేవీ ఉండవు. పిల్లలు వేదిక అంచుకు ఆనుకుని నేల మీద కూర్చుని కింది నుంచి పైకి చూస్తారు. ఫొటోగ్రాఫరు మీ వెనకకు వస్తాడు. పక్కన భోజనాల వరస నడుస్తూ ఉంటుంది. తెలంగాణ పల్లెల్లో పద్మశాలీల ఇళ్ల ముందు ఇంద్రజాలం చూపే సాధనాశూరులు తెరా తలుపూ లేని చోట తరతరాలుగా ఇదే విద్యను పోషించుకుంటూ వచ్చారు. వారి ప్రదర్శన చూసే అవకాశం దొరికితే వదులుకోకండి. జనాన్ని ఎలా నిలబెట్టుకోవాలో అక్కడ తెలిసినట్లు మరెక్కడా తెలియదు.

కాబట్టి మొదటి ఏడాది లక్ష్యం ఒక్కటే: ఒక సూట్‌కేసులో పట్టే ఎనిమిది ఐటమ్‌లతో, ఎక్కడైనా చేయగలిగిన ముప్పై నిమిషాల ప్రదర్శన. తాడు, రింగులు, రంగు రుమాళ్లు, చింపి అతికించే దినపత్రిక, ప్రేక్షకుని దగ్గర తీసుకున్న నోటు, ముందే రాసి ఉంచిన జోస్యం వంటివి ఇందుకు సరిపోతాయి. మాటల అవసరం లేకుండా చటుక్కున అర్థమయ్యేది మొదట పెట్టండి, ప్రేక్షకులను వేదిక పైకి పిలిచేవి మధ్యలో, మీ చేతిలో ఎన్నడూ తప్పని ఐటమ్ చివర. కొత్తగా నేర్చినదాన్ని చివర పెట్టాలన్న ఉబలాటం చాలామందికి ఉంటుంది, కాని అది తప్పిన రోజున అంతకుముందు చేసినదంతా ప్రేక్షకుల మనసులోంచి తుడిచిపెట్టుకుపోతుంది.

సాధన ఎలా ఉండాలో ఒక్క నాణెంతో చెప్పవచ్చు. కుడిచేతిలోని నాణెం ఎడమచేతిలోకి వెళ్లినట్లు చూపి మాయం చేయడం అందరికీ తెలిసిన తొలి పాఠం. చాలామంది వెంటనే దొంగ కదలికను అభ్యాసం చేస్తారు. అలా కాకుండా, ముందు నాణేన్ని నిజంగానే ఎడమచేతిలో పెట్టి అద్దంలో గమనించండి. వేళ్లు ఎంత వేగంగా ముడుచుకున్నాయి, భుజం ఎటు కదిలింది, ఖాళీ అయిన కుడిచేయి ఎలా బరువు దిగినట్లు కిందికి వాలింది, మీ కళ్లు ఎటు వెళ్లాయి అన్నవి యాభైసార్లు చూసిన తరువాత, నాణేన్ని కుడిచేతిలోనే ఉంచి అదే కదలికను అచ్చంగా తిరిగి చేయండి. మీరు దాచిన చేతిని చూస్తే ప్రేక్షకుడూ దాన్నే చూస్తాడు; మీరు ఎడమచేతిని నమ్మితే అతనూ నమ్ముతాడు. ఫోనును నేల మీద పెట్టి, మరోసారి పక్కన పెట్టి వీడియో తీసుకుంటే, అద్దం చూపని లోపాలు బయటపడతాయి.

మాటలను మాత్రం కాగితం మీద రాసుకుని తీరాలి. ఇంగ్లీషు వీడియోలలో విన్న హాస్యాన్ని తెలుగులోకి మార్చి చెప్పకండి. రాజమహేంద్రవరంలో, నిజామాబాదులో మీ ఎదుట కూర్చునే తాతగారికీ ఏడేళ్ల పాపకూ ఒకేసారి అర్థమయ్యే మాటలు రాసుకోండి. వేదిక పైకి వచ్చిన పిల్లల పేరు అడిగి, ఆ పేరుతోనే పిలిచి, ఐటమ్ ఫలించిన ఘనతను వారికే ఇవ్వండి. వారిని నవ్వులపాలు చేసి చప్పట్లు తెచ్చుకోవడం ఈ వృత్తిలో నాకు ఏమాత్రం నచ్చని అలవాటు.

గురువు దగ్గర నేర్చుకోగలిగితే అంతకు మించినది లేదు. మన ప్రాంతంలో బి.వి. పట్టాభిరామ్ వంటివారు మేజిక్‌కు చదువుకున్నవారిలో గౌరవం తెచ్చారు. కేరళ మెజీషియను గోపీనాథ్ ముత్తుకాడ్ తిరువనంతపురంలో 1996లో స్థాపించిన మేజిక్ అకాడమీ ఈ విద్యను క్రమపద్ధతిలో నేర్పింది. దగ్గరలో ప్రదర్శనలిచ్చే మెజీషియను ఉంటే, సామాన్లు మోసే పనికైనా ఆయన వెంట కొన్ని నెలలు తిరగండి.

తరువాత పాఠశాలలోనో, అపార్ట్‌మెంటులోనో మూడు నాలుగు ప్రదర్శనలు ఉచితంగా ఇవ్వండి, అంతకు మించి వద్దు. ప్రతిఫలంగా వీడియోనూ, నిర్వాహకుల అభిప్రాయాన్నీ అడగండి. నా తొలి ఫంక్షన్ హాలు ప్రదర్శనలో వేదిక పక్కన పెట్టిన పెద్ద ఫ్యాను, నేను దాచి ఉంచిన రుమాలును సరిగ్గా అసలు క్షణానికి ముందే ఎగరగొట్టింది. అప్పటి నుంచి గంట ముందే చేరుకుని ఫ్యాన్లు, లైట్లు, మైకు, పక్క గుమ్మాలు చూసుకోకుండా సూట్‌కేసు తెరవడం లేదు. ఉచిత ప్రదర్శనలు నేర్పేది ఇలాంటివే.

బుకింగుల కోసం తొలి సెకన్లలోనే ఆకట్టుకునే రెండు నిమిషాల వీడియో తయారు చేయండి. అందులో మీ చేతులతోపాటు ప్రేక్షకుల ముఖాలు తప్పక కనిపించాలి, ఎందుకంటే డబ్బు ఇచ్చేవారు కొనేది ఆ ముఖాలనే. పుట్టినరోజులకు ముహూర్తాలతో పని లేదు కనుక, పెళ్లిళ్లు లేని ఆషాఢంలో కూడా అవి ఉంటాయి. నవంబరు 14న బాలల దినోత్సవం, ఆ తరువాత డిసెంబరు నుంచి పాఠశాలల వార్షికోత్సవాలు, అంతకుముందు వినాయక నవరాత్రులలో అపార్ట్‌మెంటు మండపాలు మంచి అవకాశాలు. పాఠశాలలను కార్యక్రమానికి రెండు నెలల ముందే కలవాలి. బెలూన్ల అలంకరణ చేసేవారు, ఫొటోగ్రాఫర్లు, యాంకర్లు, కేటరింగ్ వారు ప్రతి వారం ఫంక్షన్లలోనే ఉంటారు. వీరిలో పదిమందితో సత్సంబంధం ఉంటే, ప్రకటనలకు పెట్టే ఖర్చుకంటే ఎక్కువ ఫలితం ఉంటుంది.

పారితోషికం చెప్పేముందు లెక్క వేసుకోండి. ఉదాహరణకు వాహనానికి 3,000, అసిస్టెంటుకు 1,500, ఖర్చయ్యే సామగ్రికి 500 రూపాయలైతే, 7,000కు ఒప్పుకున్న ప్రదర్శనలో మీకు మిగిలేది 2,000 మాత్రమే. ముందు రోజు సర్దుకున్న శ్రమ కూడా అందులోనే. బేరం వచ్చినప్పుడు ధర తగ్గించే బదులు సమయం తగ్గించండి. తేదీ, వేళ, నిడివి, వేదిక కొలతలు, మైకు, సగం అడ్వాన్సు, మిగతాది ప్రదర్శనకు ముందే ఇవ్వడం, రద్దయితే ఏమిటన్నది వాట్సాప్‌లోనైనా రాతపూర్వకంగా ఉండాలి. కంపెనీలు పాన్ నంబరు, బిల్లు అడుగుతాయి, టీడీఎస్ (ఆదాయపు పన్ను కింద ముందే పట్టుకునే మొత్తం) కోసుకుని చెల్లిస్తాయి.

కొన్ని హద్దులు చట్టానివి. 2001 నాటి ప్రదర్శన జంతువుల నమోదు నిబంధనల ప్రకారం, భారత జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు లేకుండా పావురాన్నీ కుందేలునూ వేదిక పైకి తీసుకురాకూడదు. మంత్రంతో రోగాలు నయం చేస్తామనే ప్రకటనలకు 1954 నాటి చట్టం అడ్డు. మరొక హద్దు మనంతట మనం గీసుకోవలసినది. బాణామతి, చేతబడి అన్న అనుమానంతో మనుషులను కొట్టి చంపిన ఊళ్లు మన మధ్య ఉన్నాయి. అందుకే ప్రదర్శన మొదట్లోనే, ఇది సాధనతో వచ్చిన నేర్పు తప్ప శక్తి కాదని స్పష్టంగా చెప్పండి. అలా చెప్పడం వల్ల చప్పట్లు తగ్గడం నేను ఎన్నడూ చూడలేదు.

ఇలా నడిచిన తరువాత, పాఠశాలల వారూ కంపెనీల వారూ పెద్ద వేదిక మీద గంట ప్రదర్శన కావాలని అడగడం మొదలైనప్పుడు, వచ్చిన సొమ్ములోంచే తొలి పెట్టె కొనండి. కొనడానికి వెళ్లేటప్పుడు మీ వాహనం లోపలి కొలతలు, మీరు తరచుగా వెళ్లే హాళ్ల లిఫ్టు, తలుపుల వెడల్పు ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. మీ అసిస్టెంటును కూడా వెంట తీసుకువెళ్లి, ఆమె అందులో ఇబ్బంది లేకుండా ఊపిరి పీల్చుకోగలుగుతున్నదో లేదో, లోపలి గడియను తనంతట తాను తెరుచుకోగలదో లేదో అక్కడే చూసుకున్న తరువాతే డబ్బు చెల్లించండి.