గేమ్ కొనే ముందు వేయవలసిన లెక్క

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు దొరికే సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) దుకాణాల్లో గేమ్ డిస్కు చేతికి రాగానే చాలామంది "ఎన్ని గంటలు వస్తుంది?" అని అడుగుతారు. నా దృష్టిలో అది చివర అడగవలసిన ప్రశ్న. 2007లో వచ్చిన పోర్టల్ అనే పజిల్ గేమ్ మూడు నాలుగు గంటల్లోనే ముగిసినా, దాదాపు ప్రతి గదిలోనూ కొత్త చిక్కుముడి వేస్తుంది. అవే పనులు పదే పదే చేయించి అరవై గంటలకు సాగదీసిన గేమ్ నీళ్లు కలిపిన మజ్జిగ లాంటిది.

ముందు నాణ్యతను పరీక్షించండి. కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొన్న 14 రోజులలోపు, ఆడిన సమయం 2 గంటలు దాటకపోతే డబ్బు వాపసు అడగవచ్చు కనుక, ఆ వ్యవధిలో మీ కంప్యూటర్‌పై గేమ్ ఆగి ఆగి నడుస్తోందా, బటన్ నొక్కిన వెంటనే పాత్ర కదులుతోందా అన్నది గమనించండి.

ఆ తరువాతే ధరను గంటలతో భాగించండి, అయితే ప్రచారంలో చెప్పే గంటలతో కాదు, మీరు నిజంగా ఆడబోయే గంటలతో. 3,000 రూపాయల గేమ్‌ను 60 గంటలు ఆడితే గంటకు 50 రూపాయలు. ఆఫీసు, ట్రాఫిక్ పోగా 12 గంటలకే వదిలేస్తే 250. డిస్కు అయితే తిరిగి అమ్మగా వచ్చే మొత్తాన్ని ముందే ధరలో తగ్గించుకోవాలి. స్టీమ్‌లో కొన్న గేమ్‌కు ఆ వెసులుబాటు లేదు.