పుట్టుకతో లోపమున్న జాతి పిల్లికూనను కొనేముందు

జాతి పిల్లికూనను కొనాలనుకునేవారు ముందు ముఖం చూసి ముచ్చటపడతారు. చూడవలసినది ముక్కు రంధ్రాలను. చప్పిడి ముఖముండే పర్షియన్ జాతి కూన ప్రశాంతంగా కూర్చున్నప్పుడు అవి తెరుచుకుని కనిపించాలి. సన్నని గీతల్లా మూసుకుపోయి ఉంటే, కాసేపు ఆడించి, అది ఊపిరి తీసే చప్పుడును దగ్గరగా వినాలి. గురక వినిపించినా, నోరు తెరిచి ఆయాసపడినా, పశువైద్యుడికి చూపించకుండా బయానా ఇవ్వకూడదు.

నేను ఈ పరీక్ష చేయకుండానే కొన్నాను. నెల్లూరులో రోహిణి కార్తె మధ్యాహ్నం మా కూన గచ్చుమీద చతికిలబడి, నోరు తెరిచి, ప్రతి శ్వాసకూ డొక్కలు ఎగరేస్తుంటే, తడిగుడ్డతో దాని పాదాలు తుడుస్తూ పక్కనే కూర్చున్నాను. శస్త్రచికిత్సతో ఆ రంధ్రాలను వెడల్పు చేయవచ్చు గాని, ఆ ఖర్చును ధరతో కలిపి ముందే లెక్కవేసుకోవాలి.

చెవులు ముడుచుకున్న స్కాటిష్ ఫోల్డ్‌ను మాత్రం కొనవద్దనే చెబుతాను. 1961లో స్కాట్లండ్‌లోని ఒక పొలంలో కనిపించిన సూసీ అనే తెల్లపిల్లితో మొదలైన ఈ జాతిలో, చెవిని వంచే జన్యులోపమే ఒంట్లోని మృదులాస్థినీ ఎముకల ఎదుగుదలనూ దెబ్బతీసి, తోకను, కాళ్ల కీళ్లను నొప్పితో బిగుసుకుపోయేలా చేస్తుంది. అయినా కొనదలిస్తే, తోకను మొదలు నుంచి కొస వరకు వేళ్లతో మెల్లగా తడిమితే అది మెత్తగా వంగాలి. అయితే కూనగా ఉన్నప్పుడు వంగినంత మాత్రాన పెద్దయ్యాక బిగుసుకోదన్న భరోసా లేదు.

పర్షియన్లలో కంటికి కనిపించని లోపం మూత్రపిండాల్లో నీటితిత్తులు పెరగడం. తల్లిదండ్రుల్లో ఒక్కదానికి ఆ జన్యువు ఉన్నా ప్రతి కూనకూ కనీసం సగానికి సగం అవకాశం ఉంటుంది కనుక, ఆ రెండింటి జన్యు పరీక్ష కాగితాలు అడగాలి. అవి లేకపోతే మన కూనకే ఆ పరీక్ష చేయించుకోవచ్చు. తిరుపతి పశువైద్య కళాశాలలో గాని, చెన్నై వేపేరిలోని కళాశాలలో గాని సలహా తీసుకోవడం మేలు.

తోక కొసలో చిన్న వంకర, కాస్త మెల్లకన్ను వంటివి సాధారణంగా ప్రాణానికి ముప్పు కావు. వాటిని చూపి ధర తగ్గించమని అడగడంలో తప్పులేదు.

పరీక్షించిన వైద్యుడు ఈ కూన వద్దంటే మూడు రోజుల్లో కూనను తిరిగి తీసుకుని డబ్బు ఇచ్చేస్తామని అమ్మేవారి చేత కాగితం మీద రాయించుకోవాలి. లోపం ఉందని తెలిసీ తెచ్చుకున్న కూనకు, వైద్యుడు చెప్పిన వయసులో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ తప్పక చేయించాలి.