ఊళ్లో చుట్టాలింట్లో ఉన్నప్పుడు పనిలో సాయం ఇలా చేయండి

పండక్కో సెలవులకో ఊళ్లో పెద్దమ్మ వాళ్లింట్లో నాలుగు రోజులు ఉండేవాళ్లు "నేనేమన్నా చెయ్యనా" అని అడగకండి, "నువ్వు కూర్చోమ్మా" అనే అంటారు. ఏదో ఒక పని పట్టుకుని ఉన్నన్నాళ్లూ అదే చేయండి. గేదెలకు కుడితి పెట్టడం, ఎండబెట్టిన మిరపకాయల్ని మధ్యాహ్నం తిరగేసి చీకటి పడకముందే మంచుకు తడవకుండా పట్టా కప్పడం లాంటివి కొత్తవాళ్లూ చేయగలరు. గడ్డివాములోంచి గడ్డి మాత్రం వాళ్లు రోజూ లాగే పక్క నుంచే లాగాలి, పైనుంచి పీకితే వానొచ్చినప్పుడు నీళ్లు లోపలికి దిగి గడ్డి కుళ్లిపోతుంది.

పాలు పితికే టైంలో కొట్టం దగ్గరికి వెళ్లకపోవడమే పెద్ద సాయం, ఎందుకంటే కొత్త మనిషిని చూస్తే గేదె బెదిరి చేపదు, అంటే పాలు వదలదు, ఆ పూట పాల కేంద్రానికి పోసే పాలు తగ్గితే నష్టం వాళ్లకే. పొలం నీళ్ల మోటారు స్టార్టర్ జోలికి అసలు పోవద్దు, అది త్రీఫేజ్ కరెంటు, తడి చేతులతో చాలా ప్రమాదం.

మిరపకాయలు ముట్టుకున్న చేతులకు ముందు కాస్త నూనె రాసి, తర్వాత సబ్బుతో కడగండి, మంట త్వరగా తగ్గుతుంది.