పిల్లల్ని ఐస్ డాన్స్ పోటీలకు ఎలా తయారుచేయాలి?

ఫిగర్ స్కేటింగ్‌లో ఐస్ డాన్స్‌ది వేరే దారి. పెద్ద జంప్‌లు ఉండవు, పార్టనర్‌ని తలపైకి ఎత్తి నిలబెట్టడం కుదరదు. బ్లేడు అంచు మీద ఎంత లోతుగా వాలారు, తాళానికి ఎంత కచ్చితంగా అడుగేశారు, ఇద్దరూ ఎంత దగ్గరగా కదిలారు అన్నవే మార్కులు తెస్తాయి. అందుకే మొదటి మూడు నాలుగేళ్లు ఎడ్జ్‌ల మీద, అంటే బ్లేడు అంచు మీద వాలి జారడం మీద పెట్టండి. లిఫ్ట్‌లు, అంటే పార్టనర్‌ని ఎత్తడాలు, తర్వాతైనా వస్తాయి, సరిగా రాని ఎడ్జ్ మాత్రం సీనియర్ స్థాయిలో బయటపడిపోతుంది. అమెరికా, కెనడాల్లో ఉంటున్న తెలుగువాళ్లకు రింకులు, కోచ్‌లు అందుబాటులో ఉంటాయి కాబట్టి ఇక్కడ చెప్పేది ఎక్కువగా అక్కడి పద్ధతే.

ముందు బూట్లు. జంప్‌ల కోసం చేసిన గట్టి బూటు కొనకండి. చీలమండ ముందుకు వంగకపోతే మోకాలు వంగదు, మోకాలు వంగకపోతే ఎడ్జ్ రాదు. డాన్స్ బూటు వెనక భాగం కాస్త కిందికి కోసి ఉంటుంది, కాలి వేళ్లు చాచడానికి వీలుగా. డాన్స్ బ్లేడు తోక (వెనక కొస) మామూలు బ్లేడు కంటే సుమారు అంగుళం పొట్టి. ఇద్దరూ ఒకరి కాళ్ల పక్కనే ఒకరు అడుగేస్తారు కాబట్టి, తోక పొడుగైతే పార్టనర్ దాన్ని తొక్కి ఇద్దరూ పడతారు. కొత్త బ్లేడుని మొదట కొన్ని స్క్రూలతోనే బిగించమనండి. ఒక కాలి మీద నిటారుగా జారుతున్నప్పుడు బ్లేడు లోపలికో బయటికో లాగుతుంటే, దాన్ని జరిపి చూశాకే మిగతా స్క్రూలు వేయాలి. 20 నుంచి 30 గంటల స్కేటింగ్‌కొకసారి సాన పట్టించాలి, అదీ ఒకే మనిషి దగ్గర.

తర్వాత ప్యాటర్న్ డాన్సులు, అంటే అడుగులు, దారి, తాళం ముందే నిర్ణయించిన నృత్యాలు. డచ్ వాల్ట్జ్ నిమిషానికి 138 బీట్లు, కెనాస్టా టాంగో 104, రిథమ్ బ్లూస్ 88. మొదలుపెట్టేది వీటితోనే. కూచిపూడి నేర్చుకున్న పిల్లలకు త్రిశ్రగతి (మూడు లెక్క నడక) ఒంట్లో ఉంటుంది గనక మూడు బీట్ల వాల్ట్జ్ లెక్క వెంటనే పట్టుకుంటారు. కానీ రెండు అలవాట్లు అడ్డొస్తాయి. ఒకటి, తాళం పడ్డాక కాలు కదపడం. ఐస్ మీద కొత్త కాలు బీట్ మీదే ఆనాలంటే మోకాలు అంతకుముందే లేవాలి, ఐస్‌ని నెట్టడం ముందే మొదలవ్వాలి. రెండు, అరమండిలో మోకాళ్లు పక్కలకు తెరుచుకుంటాయి. ఇక్కడ మోకాలు బొటనవేలికి సూటిగా పైన ఉండాలి. డచ్ వాల్ట్జ్‌ని పక్కపక్కనే నిలబడే కిలియన్ పట్టులో చేస్తారు. తుంటికి తుంటి తగిలేలా ఉండాలి. ఇద్దరి మధ్య ఖాళీ కనిపిస్తే చేతులు లాగి సరిచేయబోతారు, దాంతో భుజాలు వంకరపోతాయి. తప్పు చేతుల్లో ఉండదు. ఒకరి వాలు తక్కువ, ఇంకొకరిది ఎక్కువ. వాలు సరిచేయండి, ఖాళీ దానంతటదే పోతుంది.

ట్విజిల్ అంటే ఒంటి కాలి మీద తిరుగుతూ ముందుకు సాగడం. వేళ్ల వెనక ఉండే పాదం మెత్త మీద, బ్లేడు ముందు భాగం మీద బరువు ఉండాలి. బరువు మడమకి జారితే బ్లేడు గీసుకుంటుంది, ప్రయాణం ఆగిపోతుంది, ట్విజిల్ కాస్తా ఒకేచోట తిరిగే స్పిన్ అవుతుంది, లెవెల్ (కష్టాన్ని బట్టి ఇచ్చే స్థాయి) పోతుంది. అందుకే ఒక చుట్టు శుభ్రంగా సాగేదాకా రెండో చుట్టు నేర్పకండి.

ఆంధ్ర, తెలంగాణల్లో ఉన్నవాళ్లకు పెద్ద ఐస్ రింకు దగ్గరలో లేదు. దేశంలో డెహ్రాడూన్, గురుగ్రామ్‌లలో ఉన్నాయి. ఇక్కడ మొదలుపెట్టాలంటే చక్రాల స్కేట్ల మీద చేసే ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగే మేలు. హైదరాబాద్‌కు చెందిన అనూప్ కుమార్ యామ 2010 గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో పతకాలు తెచ్చింది అందులోనే. పట్టులు, తాళం, యూరోపియన్ వాల్ట్జ్ లాంటి నృత్యాలు రెండిటికీ ఉమ్మడివి. ఎడ్జ్ వాలు మాత్రం బ్లేడు మీదే నేర్చుకోవాలి.

అన్నిటికంటే కష్టం పార్టనర్ దొరకడం. అబ్బాయిలు బాగా తక్కువ. పార్టనర్ దొరికేదాకా అమెరికాలో సోలో డాన్స్ పోటీలున్నాయి, అవి చేయిస్తూ ఉండండి. కెనడాలో 2022 నుంచి దేశీయ పోటీల్లో ఇద్దరమ్మాయిలు గానీ ఇద్దరబ్బాయిలు గానీ జోడీ కట్టొచ్చు. ట్రయౌట్‌కి, అంటే జోడీ కుదురుతుందో లేదో కలిసి స్కేట్ చేసి చూడటానికి, కనీసం రెండు రోజులు పెట్టుకోండి. మొదటి రోజు లిఫ్ట్‌లు వద్దు. చేతులు పట్టుకుని రింకు చుట్టూ స్ట్రోకింగ్ (కాలు మార్చి కాలితో తోసుకుంటూ జారడం), తర్వాత ఇద్దరికీ వచ్చిన ఒక ప్యాటర్న్ డాన్స్ చేయించండి. చూడాల్సింది ఎత్తు తేడా కాదు, మోకాలి వంపు లోతు, అడుగు పొడవు కలుస్తున్నాయా అని. అవి కలవని జోడీని ఏ కోచ్ అయినా దిద్దడానికి ఏళ్లు పడుతుంది. డబ్బు సంగతి కూడా అప్పుడే తేల్చుకోవాలి. కోచ్ ఫీజు, ఐస్ టైమ్, కొరియోగ్రఫీ, దుస్తులు, ప్రయాణాలు, వీటిలో ఎవరి వాటా ఎంత, విడిపోతే మ్యూజిక్, ప్రోగ్రాం ఎవరివి అన్నవి కాగితం మీద రాసుకోండి. మొహమాటపడితే తర్వాత పిల్లలే నలిగిపోతారు.

అంతర్జాతీయ జూనియర్ పోటీలకు జూలై 1 నాటికి 13 ఏళ్లు, సీనియర్‌కి 2024-25 సీజన్ నుంచి 17 ఏళ్లు నిండాలి. పోటీలో రెండు భాగాలుంటాయి. సీనియర్‌లో మొదటిదైన రిథమ్ డాన్స్ 2 నిమిషాల 50 సెకన్లు, రెండోదైన ఫ్రీ డాన్స్ 4 నిమిషాలు, జూనియర్ ఫ్రీ డాన్స్ మూడున్నర నిమిషాలు. అటూ ఇటూ 10 సెకన్ల వెసులుబాటు ఉంటుంది. చిన్న లిఫ్ట్ 7 సెకన్లు దాటకూడదు, రెండు కలిపిన లిఫ్ట్ 12 దాటకూడదు. దాటితే ఒక పాయింట్ పోతుంది. ప్రాక్టీసులో స్టాప్‌వాచ్ పెట్టి ఆరు, పదకొండు సెకన్లకే దింపే అలవాటు చేయండి. పోటీలో ఐస్ మెత్తగా ఉన్నా, కాలు ఆలస్యమైనా ఆ ఒక్క సెకను కాపాడుతుంది.

పౌరసత్వం విషయం ట్రయౌట్ రోజే అడగండి. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కి ఇద్దరిలో ఒకరు ఆ దేశ పౌరులైతే చాలు, ఒలింపిక్స్‌కి మాత్రం ఇద్దరూ ఆ దేశ పాస్‌పోర్టు చూపించాలి. గ్రీన్ కార్డు అక్కడ పనికిరాదు.