క్లాంప్‌లో కత్తి జారుతోందా?
క్లాంప్‌లో బిగించి సాన పట్టేటప్పుడు మధ్యలో కత్తి కాస్త కదిలినా, పదునుకి రాయి ఆనే యాంగిల్ పోయినట్టే. చాలామంది స్క్రూ ఇంకా గట్టిగా తిప్పేస్తారు గానీ అది పెద్దగా పనిచేయదు, ఎందుకంటే బ్లేడు వెన్ను దగ్గర మందంగా ఉండి పదును వైపు సన్నబడుతూ వస్తుంది కదా, క్లాంప్ పలకలేమో ఒకదానికొకటి సమాంతరంగా మూసుకుంటాయి, ఇక పట్టు ఎక్కడ చిక్కుతుంది. వెన్నుకి రెండు పక్కలా మాస్కింగ్ టేపు రెండు పొరలు వేసి, లేదంటే పల్చటి తోలు ముక్క పెట్టి బిగించండి, గీతలు కూడా పడవు. ఆ టేపు మీదే క్లాంప్ అంచు ఎక్కడుందో పెన్నుతో గీత పెట్టుకుంటే ఎప్పుడు జరిగినా వెంటనే కనిపిస్తుంది. రాయి ఆనించే ముందు పిడి పట్టుకుని మెల్లగా ఊపి చూడండి, నేను ఇది మర్చిపోయే ఒకసారి వేలు కోసుకున్నా.